ముందు నీటి లెక్క, తర్వాతే క్యూబిట్

అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న ఐబీఎం క్వాంటం సిస్టమ్ టూ యంత్రాన్ని నెలకొల్పుతామని 2025 మే 2న ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ప్రకటించాయి. ఎల్ అండ్ టీ కూడా ఆ వ్యాలీలో భాగస్వామి. అంతకు రెండేళ్ల ముందే, 2023 ఏప్రిల్ 19న, కేంద్ర మంత్రివర్గం రూ.6,003.65 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. ఈ యంత్రం తెలుగు నేల మీదికి రావాలి, మన పిల్లలు దాని మీద పని నేర్చుకోవాలి. ఆ విషయంలో ఈ పత్రికకు రెండో మాట లేదు. అయితే క్వాంటం గురించి మాట్లాడేచోట ఆప్టిమైజేషన్ అనే మాట ముందుకొస్తోంది. ఉన్న కొద్దిపాటి వనరును పోటీపడే అవసరాల మధ్య అత్యంత మేలుగా పంచే గణితానికి అది పేరు. ఆ మాట వెంట సాగునీరు, సేద్యం, కరువు అనే మాటలూ వచ్చి చేరుతున్నాయి. అక్కడే మేము అడ్డుచెప్పదలచుకున్నాం. నేటి క్వాంటం యంత్రాలు అనంతపురం నీటి పంపకాన్ని సాధారణ కంప్యూటర్ కంటే మెరుగ్గా తేలుస్తాయనడానికి రుజువు లేదు. రుజువు లేని ఆశకు కరువు సీమ పేరు తగిలించడం తప్పు.

ఈ తీర్పుకు ఆధారాలు చెప్పాలంటే ముందు అనంతపురం గురించే మాట్లాడాలి. 2022 ఏప్రిల్ 4న రెండుగా విడిపోయిన పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. నైరుతి రుతుపవనాలు తేమలో ఎక్కువ భాగాన్ని పడమటి కనుమల మీదే కురిపించి ఇక్కడికి వట్టి గాలిగా వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరంలో కురిసి, ఇంత లోపలికి వచ్చేసరికి నీరసపడతాయి. పడే ఆ కొద్ది వాన కూడా సమయానికి పడదు. శెనక్కాయ ఊడలు దిగే వేళ వారాల తరబడి చినుకు లేకపోతే, తర్వాత ఎంత కురిసినా చెట్టు కింద కాయ నిండదు. అందుకే ఇక్కడి రైతు ఎంత వాన పడిందని అడిగేకంటే ముందు ఎప్పుడు పడిందని అడుగుతాడు.

ఈ నేలకు బయటి నుంచి వచ్చే నీళ్లలో పెద్ద ఆశ హంద్రీ-నీవా. శ్రీశైలం వెనుక జలాల నుంచి మల్యాల దగ్గర తోడిన కృష్ణా వరద నీరు ఎనిమిది ఎత్తిపోతలు ఎక్కి, 216 కిలోమీటర్లు నడిచి జీడిపల్లి జలాశయానికి చేరుతుంది. అక్కడి నుంచి గొల్లపల్లి, చెర్లోపల్లి జలాశయాల మీదుగా మడకశిర, పుంగనూరు, కుప్పం శాఖల దాకా సాగుతుంది. మొత్తం 40 టీఎంసీలతో రాయలసీమలో 6.025 లక్షల ఎకరాలకు సాగునీరు, 33 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలన్నది పథకం సంకల్పం. మొదటి దశ కాలువ సామర్థ్యాన్ని 3,850 క్యూసెక్కులకు పెంచి 2025 జులై 17న మల్యాలలో నీళ్లు వదిలారు. ఆ ప్రవాహం రోజుకు టీఎంసీలో మూడో వంతు. ఒక్కరోజు కూడా ఆగకుండా, నిండు సామర్థ్యంతో, 120 రోజులు పారితే 40 టీఎంసీలు పూర్తవుతాయి. వరద అన్ని రోజులు నిలిచే సంవత్సరాలు ఎన్ని ఉంటాయో సీమకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక ఇందులో లెక్క ఎక్కడుందో చూద్దాం. ఏ రోజు ఏ పంపు నడపాలి, ఏ జలాశయంలో ఎంత నిలపాలి, ఏ చెరువుకు ముందు వదలాలి, ఏ తూము ఎన్ని గంటలు తెరవాలి, తాగునీటికి ఎంత పక్కన పెట్టాలి, పంపుల కరెంటు ఖర్చు ఎక్కడ తగ్గించాలి? ఒక నిర్ణయం మారితే మిగతావన్నీ మారతాయి. ఇది ముమ్మాటికీ ఆప్టిమైజేషన్ సమస్యే. ఊరి చెరువు కింద ఈ పనే నీరుగంటి చేసేవాడు. ఎవరి మడికి ఎన్ని గడియలు పారించాలో, నీళ్లు తక్కువైన ఏడు ఎవరి వంతు ఎంత కోయాలో చూసేది అతనే. అతని చేతిలో గడ్డపార తప్ప యంత్రమేదీ లేదు. కానీ చెరువులో ఎన్ని నీళ్లున్నాయో, కింద ఎంత భూమి ఉందో, ఎవరికి ముందో ఊరందరికీ తెలిసి ఉండేది.

ఆ తెలివి ఎంత పాతదో చెప్పడానికి సీమలోనే రాతి సాక్ష్యం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల శ్రమ అని ఖర్చు చెప్పి ఆ శాసనం ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరసపెట్టి చెప్పింది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీళ్లు కొద్దిగా ఉండి పారించవలసిన భూమి ఎక్కువ కావడం, భూమి కొద్దిగా ఉండి నీళ్లు ఎక్కువ కావడం. ఆప్టిమైజేషన్ చేసే ఏ ఇంజనీరైనా ముందుగా రాసుకునేది ఇవే షరతులు. ఆరున్నర శతాబ్దాల కిందట వాటిని రాతి మీద చెక్కి, అందరూ చదువుకునేలా నిలబెట్టారు.

అయిదో దోషాన్ని మరోసారి చదవండి. నీళ్లు కొద్ది, భూమి ఎక్కువ. ఇప్పుడు హంద్రీ-నీవా సంకల్పాన్నే ఆ కొలతతో చూడండి. 40 టీఎంసీలను 6.025 లక్షల ఎకరాల మీద సమంగా పరిస్తే 46 సెంటీమీటర్ల మందం వస్తుంది. కాలువలో ఇంకేది, ఎండకు ఆవిరయ్యేది, 33 లక్షల మంది తాగేది తీసేయకముందు వచ్చిన అంకె అది. మెట్ట పైరుకు వానతో కలిపి ఆ తడి అక్కరకొస్తుంది. వరికి మీటరుకు పైగా నీళ్లు కావాలి. అంటే కాలువ మొదట్లో ఒక ఎకరం వరి నాటితే చివర్లో ఒక ఎకరానికి పైగా మెట్ట పైరు ఎండుతుంది. దీన్ని కనిపెట్టడానికి గుణకారం, భాగహారం చాలు. కనిపెట్టిన తర్వాత మొదటి ఆయకట్టు రైతుకు వరి వద్దని చెప్పగల ధైర్యం, అతనికి వేరే దారి చూపగల నిజాయితీ కావాలి. ఆ నిర్ణయం ఏ ప్రాసెసర్ తీసుకోదు. ఎవరి పొలం ముందు, ఎవరి గొంతు ముందు అన్నది మనుషులు తేల్చి యంత్రానికి చెప్పాలి. చెప్పకపోతే, అడగని ప్రశ్నకు అతి వేగంగా జవాబు వస్తుంది, అంతే.

సరే, ప్రశ్న సరిగ్గా అడిగామనుకుందాం. అప్పుడైనా క్వాంటం యంత్రం మెరుగైన జవాబు ఇస్తుందా? ఆ యంత్రం పని ఎలా చేస్తుందో చూస్తేనే ఇది తేలుతుంది. ముందు సమస్యను సున్నాలు, ఒకట్లుగా రాయాలి. ఈ రోజు ఈ చెరువుకు నీళ్లు వదిలితే ఒకటి, లేకపోతే సున్నా. నిర్ణయానికి ఒక క్యూబిట్, అంటే క్వాంటం యంత్రంలో సున్నా, ఒకటి విలువలను మోసే మూల ప్రమాణం. షరతు తప్పిన ప్రతి పంపకానికీ జరిమానా వేసి, జరిమానా అతి తక్కువ ఉన్న అమరికను వెతకాలి. దీనికి 2014లో ఎడ్వర్డ్ ఫార్హి, జెఫ్రీ గోల్డ్‌స్టోన్, శామ్ గట్‌మన్ ప్రతిపాదించిన పద్ధతి క్యూఏఓఏ. అన్ని అమరికలనూ ఒకేసారి మోసే స్థితిలో క్యూబిట్లను ఉంచి, జరిమానా లెక్కనూ కలగలిపే లెక్కనూ విడతలవారీగా వాటి మీద నడుపుతారు. చివర కొలిచినప్పుడు మంచి అమరికలు ఎక్కువసార్లు కనిపించేలా, ఒక్కో విడతకు ఎంత మోతాదు అన్నది పక్కనున్న సాధారణ కంప్యూటర్ సవరిస్తూ పోతుంది. కెనడాలో పుట్టిన కంపెనీ డీ-వేవ్ మరో దారిలో, 5,000కు పైగా క్యూబిట్లతో, ఇలాంటి సమస్యల కోసమే ప్రత్యేక యంత్రాలు చేసింది. ఆలోచన గొప్పది. దాన్ని కనిపెట్టినవారు గౌరవనీయులు. మేము ప్రశ్నించేది ఆ ఆలోచన ఇప్పుడున్న యంత్రం మీద ఎంత దూరం నడుస్తుందనే.

లెక్క వేద్దాం. 50 చెరువులు, పది రోజులు. వదలాలా వద్దా అన్న నిర్ణయాలు 500. హెరాన్ దగ్గర ఉన్న క్యూబిట్లు 156. అంటే ఒక చిన్న శాఖ కాలువ కింది పది రోజుల పంపకమే ఆ యంత్రంలో పట్టదు. ఒక్కరోజు చాలనుకుని 50 క్యూబిట్లకు దిగుదాం. ఆ రోజు కాలువ సామర్థ్యం మించకూడదన్న ఒక్క షరతే 50 చెరువుల్లో ప్రతి చెరువునూ మిగతా ప్రతి చెరువుతో ముడివేస్తుంది. ఆ జంటలు 1,225. హెరాన్‌లో ఒక క్యూబిట్‌కు నేరుగా తగిలి ఉండే పొరుగు క్యూబిట్లు మూడుకు మించవు. దూరంగా ఉన్న రెంటిని కలపాలంటే మధ్యలో ఉన్నవాటితో స్థానాలు మార్చుకుంటూ రావాలి. ఆ ప్రతి మార్పిడీ మరికొన్ని క్వాంటం గేట్ల, అంటే క్యూబిట్ల మీద చేసే మూల చర్యల, పని.

ప్రతి గేటు దగ్గరా కొంత తప్పు దొర్లుతుంది. రెండు క్యూబిట్ల గేటుకు వెయ్యిలో మూడు తప్పులు అనుకుందాం. జంటకు ఒక్క గేటే వేసినా, 1,225 గేట్లూ తప్పు లేకుండా దాటే అవకాశం నూటికి రెండున్నర. మార్పిడులు కలిసి గేట్లు 5,000 అయితే ఆ అవకాశం కోటికి మూడు. ఇది ఒక్క విడతకు. క్యూఏఓఏ మంచి జవాబు ఇవ్వాలంటే ఇలాంటి విడతలు ఎన్నో కావాలి. తప్పులున్నా వేలసార్లు నడిపి, వచ్చినవాటిలో మంచిది ఏరుకోవచ్చని నిపుణులు అంటారు. అది నిజమే. తప్పుల ప్రభావాన్ని తగ్గించే ఉపాయాలూ ఉన్నాయి. కానీ గుడ్డిగా వేలసార్లు చీట్లు తీసి ఏరుకున్నా ఒక మోస్తరు మంచి జవాబు దొరుకుతుంది. యంత్రం ఇచ్చిన మంచితనం ఎంతో, ఏరుకోవడం వల్ల వచ్చింది ఎంతో విడదీసి చూపించాల్సిన బాధ్యత చూపించేవారిదే.

దీనికి తోడు ఈ శాస్త్రంలోనే పేరు పెట్టి చెప్పుకునే ఒక జబ్బు ఉంది. మోతాదులు సవరించే కంప్యూటర్‌కు ఎటు కదిలితే మెరుగవుతుందో సూచించే వాలు కావాలి. క్యూబిట్లు పెరిగేకొద్దీ అనేక సందర్భాల్లో ఆ వాలు మాయమై, ఎటు చూసినా చదునే మిగులుతుందని 2018లో పరిశోధకులు చూపించారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు బంజరు పీఠభూమి. బంజరు పీఠభూమి మీద బతికేవాళ్లకు ఆ పేరులోని కష్టం ఎవరూ విడమరచనక్కర్లేదు. ఎటు వెళ్తే నీళ్లు దొరుకుతాయో నేల చెప్పనప్పుడు రైతు బోరు మీద బోరు వేసి అప్పులపాలవుతాడు. దిక్కు తెలియని వెతుకులాటకు ఎంత ఖర్చవుతుందో ఈ జిల్లాకు తెలిసినంతగా ఏ ప్రయోగశాలకూ తెలియదు.

ఇప్పుడు రెండో పక్క చూడండి. కాలువలో ఎంత పారించాలి అన్న లెక్కలో ఎక్కువ భాగం సరళ సమీకరణాలే. వాటికి జార్జ్ డాంట్‌జిగ్ 1947లోనే సింప్లెక్స్ పద్ధతి ఇచ్చాడు. 1984లో మన దేశస్థుడు నరేంద్ర కర్మార్కర్ మరో శక్తిమంతమైన పద్ధతి చూపాడు. అవును, కాదు అనే నిర్ణయాలున్న లెక్కలకూ అయిదారు దశాబ్దాలుగా సానబెట్టిన పద్ధతులున్నాయి. 85,900 మజిలీలను అతి తక్కువ దూరంలో చుట్టివచ్చే దారి ఏదో 2006లో సాధారణ కంప్యూటర్లే కనిపెట్టి, అంతకంటే మంచి దారి లేదని రుజువు కూడా చేశాయి. పైన చెప్పిన ఒక్కరోజు 50 చెరువుల లెక్క, పరిమిత బరువు మోసే సంచిలో ఏ వస్తువులు వేసుకోవాలన్న పాత సమస్యే. 50 నిర్ణయాలకు అమరికలు 11 కోటి కోట్లకు పైగా ఉన్నా, వాటన్నిటినీ వెతకనక్కర్లేని పద్ధతిని రిచర్డ్ బెల్‌మన్ 1950ల్లోనే చూపించాడు. ఈ రోజు చేతిలో ఉన్న ఫోను దాన్ని కళ్లు మూసి తెరిచేలోగా తేల్చేస్తుంది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో, కాలువ డివిజన్ ఆఫీసులో ఇప్పటికే ఉన్న కంప్యూటర్ మీద, మన 500 నిర్ణయాల సమస్యను కూర్చుని చేసుకోవచ్చు.

సిద్ధాంతం కూడా అతి ఆశకు చోటివ్వడం లేదు. ఏ నిర్మాణమూ లేని వెతుకులాటలో క్వాంటం ఇచ్చే లాభం వర్గమూలం మేరకేనని 1996లో లవ్ గ్రోవర్ పద్ధతితోనూ, దాని చుట్టూ వచ్చిన రుజువులతోనూ తేలింది. కోటి ప్రయత్నాల పని మూడు వేల పైచిలుకు ప్రయత్నాల్లో అవుతుంది. కానీ ఒక్కో క్వాంటం ప్రయత్నం ఎంతో నిదానం, తప్పులు దిద్దుకోవడానికి అదనపు భారం. ఆ లాభాన్ని ఈ ఖర్చు మింగేస్తుంది. కఠినమైన పంపకం సమస్యలన్నిటినీ క్వాంటం యంత్రం చిటికెలో విప్పుతుందని ఈ రంగంలోని పెద్దలెవరూ చెప్పడం లేదు. ఆ మాట ప్రచారంలో పుట్టింది.

క్వాంటం ఆధిక్యం చాటిన ప్రకటనలు తర్వాత ఏమయ్యాయో కూడా గుర్తుంచుకోవాలి. 2014లో క్యూఏఓఏ ఒక రకం సమీకరణాల సమస్యలో అప్పటికి తెలిసిన సాధారణ పద్ధతుల కంటే మెరుగని దాని కర్తలు చూపించారు. కొన్ని నెలల్లోనే కంప్యూటర్ శాస్త్రవేత్తల బృందం ఒకటి దాన్ని మించిన సాధారణ పద్ధతి కనిపెట్టింది. 2019లో గూగుల్ తన 53 క్యూబిట్ల యంత్రం 200 సెకన్లలో చేసిన పని సూపర్ కంప్యూటర్‌కు 10,000 ఏళ్లు పడుతుందని ప్రకటించింది. తర్వాతి కొన్నేళ్లలో ఇతరులు మెరుగైన పద్ధతులతో ఆ 10,000 ఏళ్లను రోజులకు, గంటలకు దించారు. వీటిలో మోసమేమీ లేదు, శాస్త్రం ఇలాగే ముందుకు నడుస్తుంది. కానీ పాఠం మాత్రం స్పష్టం. పక్కన సరైన పోటీదారును నిలబెట్టకుండా ఎవరు గెలిచారో చెప్పలేం.

ఈ పాఠం అనంతపురానికి ఖరీదైన పాఠమే. 2003లో రాష్ట్రం మేఘమథనం మొదలుపెట్టింది. విమానాలు మబ్బుల్లో రసాయనం చల్లాయి. కొన్నేళ్లపాటు సీమ ఆకాశంలో ఆ ప్రయత్నం సాగింది. వాన పడిన రోజు అది మేఘమథనం ఫలమన్నారు. చల్లకపోతే ఆ మబ్బు ఎంత కురిసేదన్న ప్రశ్నకు రైతుకు జవాబు దొరకలేదు. 2016 ఆగస్టులో ఎండిపోతున్న శెనక్కాయను కాపాడటానికి రెయిన్‌గన్లు తెచ్చారు. ఎన్ని లక్షల ఎకరాలు తడిపారన్న లెక్క ఘనంగా వినిపించింది. ఆ తడి అందిన పొలంలో దిగుబడి ఎంత, అందని పొలంలో ఎంత అని పక్కపక్కన పెట్టి చూపిన పట్టిక రైతు ముందుకు రాలేదు. తడి ఒక పైరును కాపాడగలదు, అది కాదనలేం. కానీ కొలవని మేలు మేలని చెప్పుకునే హక్కు ఎవరికీ లేదు. మూడోసారి కూడా ఒక కొత్త యంత్రం పేరుతో ఇదే జరగనివ్వకూడదు.

నిజానికి ఇక్కడ కొరత అంకెలది. జీడిపల్లి నుంచి బయల్దేరిన నీటిలో చివరి తూముకు చేరింది ఎంత? దారిలో ఇంకింది ఎంత, ఆవిరైంది ఎంత, మోటార్లు పెట్టి తోడుకున్నది ఎంత? చెరువుల్లో పూడిక పోను ఈ రోజు పట్టే నీరెంత? ఊరి బోర్లన్నీ కలిసి ఏడాదికి ఎంత తోడుతున్నాయి? ఇవి తెలియకుండా 500 నిర్ణయాలు రాయడం కుదరదు. యంత్రం పాతదైనా కొత్తదైనా తప్పు అంకెలు పోస్తే తప్పు జవాబే వస్తుంది. కాలువ మీద ప్రతి మలుపులో కొలత పరికరం, దాని అంకె ఆ రోజే ఊరి చావిడిలో, ఫోనులో కనపడటం. ముందు కావలసింది ఇది.

ఈ పని మన రైతులకు చేతకాదని ఎవరైనా అంటే ఒప్పుకోం. 2003లో మొదలైన ఏపీ రైతు యాజమాన్య భూగర్భజల పథకం నెదర్లాండ్స్ సాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. అందులో అనంతపురం ఒకటి. ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే, ఆడా మగా, వానను కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, పుస్తకంలో రాసుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమి కింద ఇన్ని నీళ్లున్నాయి, ఏ పైరు ఎంత తాగుతుంది, ఎన్ని ఎకరాలు ఏమి వేస్తే సరిపోతుందని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. వరి ఎవరూ వేయొద్దని ఎవరూ హుకుం జారీ చేయలేదు. అంకెలు చూసిన రైతులు చాలామంది తామే తక్కువ నీటి పైర్లకు మారారు. అసలైన ఆప్టిమైజేషన్ అంటే ఇది. నీళ్లు ఎన్ని, ఎవరికి ఎంత, ఎందుకు అన్నది ఆ ఊరి మనుషులకే తెలిసేలా వేసిన లెక్క. ఇలాంటి పుస్తకాలు ప్రతి ఊళ్లోనూ ఇవాళ తెరిచి ఉండాలి. ఉంచే బాధ్యత ప్రభుత్వానిది.

నమ్మదగిన ఇంజనీరింగ్ ఈ జిల్లాకు ఏం చేయగలదో కూడా మనం చూశాం. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం 700కు పైగా పల్లెలకు మంచినీళ్లు తెచ్చింది. దాన్ని నిర్మించింది నేటి క్వాంటం వ్యాలీలో భాగస్వామిగా ఉన్న ఎల్ అండ్ టీయే. పైపులు, పంపులు, ట్యాంకులు, సంపులు. కొత్త శాస్త్రమేదీ అక్కర్లేకపోయింది. పని పూర్తిచేయాలన్న పట్టుదల సరిపోయింది. కొళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయో లేదో ఆ ఊరి ఆడవాళ్లే పరీక్షించారు. ఏ కొత్త సాంకేతికతకైనా అంతకు మించిన గీటురాయి లేదు.

మా మీద వచ్చే ఆక్షేపణ మాకు తెలుసు. ఇవాళ మొదలుపెట్టకపోతే రేపు వెనకబడతాం, ఇప్పుడే ఫలితం అడిగితే శాస్త్రం ఎదగదు అంటారు. మొదటి మాట నిజం. 2024 డిసెంబరులో గూగుల్ 105 క్యూబిట్ల విల్లో చిప్‌పై క్యూబిట్లు పెంచేకొద్దీ తప్పులు తగ్గించవచ్చని చూపించింది. తప్పులు దిద్దుకునే 200 తార్కిక క్యూబిట్ల యంత్రాన్ని 2029కల్లా తెస్తామని ఐబీఎం 2025 జూన్‌లో ప్రకటించింది. ఆ రోజు వస్తే లెక్క మారవచ్చు. మారినప్పుడు మేమే మొదట రాస్తాం. ఆ రోజు కోసం ఇవాళ మనుషుల్ని తయారు చేయాలి. అందుకే యంత్రం వద్దనడం లేదు. దాని చేత ఏ పని చేయించబోతున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పమంటున్నాం.

క్వాంటం నిజంగా మేలు చేయగల చోటు ఒకటి అనంతపురం రైతు కాళ్ల కిందే ఉంది. శెనక్కాయ మొక్కను పెరికి చూడండి, వేళ్లకు చిన్న బుడిపెలుంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని, మామూలు వేడిలో, మొక్కకు ఎరువుగా మారుస్తాయి. అదే పని యూరియా ఫ్యాక్టరీ మహా వేడితో, మహా ఒత్తిడితో చేస్తుంది. ఆ సూక్ష్మజీవుల ఎంజైములో ఇనుము, మాలిబ్డినం ఉన్న కేంద్రం ఎలా పనిచేస్తుందో లెక్కకట్టడం సాధారణ కంప్యూటర్లకు అతి కష్టం. ఎలక్ట్రాన్ల ప్రవర్తన క్వాంటం నియమాల ప్రకారమే నడుస్తుంది గనుక, అది క్వాంటం యంత్రాలకు తగిన పని అని శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. దానికీ లక్షల సంఖ్యలో క్యూబిట్లు కావాలని అంచనాలు. దూరం ఉంది. కానీ ఆ దారి సరైనది. నీటి పంపకం అనే తెలిసిన లెక్కను వదిలి అణువు అనే తెలియని లెక్క మీద ఆశ పెట్టుకోవడంలో శాస్త్రీయ కారణం ఉంది.

కాబట్టి మేము అడిగేవి నాలుగు. మొదటిది, ప్రజాధనం తగిలిన ప్రతి క్వాంటం ఆప్టిమైజేషన్ ఫలితం పక్కన, అదే సమస్యకు అందుబాటులో ఉన్న అత్యుత్తమ సాధారణ పద్ధతి ఇచ్చిన జవాబు, పట్టిన సమయం, అయిన ఖర్చు ప్రచురించాలి. సమస్యను, అంకెలను ఎవరైనా పరీక్షించేలా బయటపెట్టాలి. రెండోది, హంద్రీ-నీవా, తుంగభద్ర ఎగువ కాలువల రోజువారీ ప్రవాహాల లెక్క, చివరి తూము దాకా, ప్రజల ముందుంచాలి. పంపకంలో తాగునీరు, ఎండుతున్న పైరుకు ప్రాణాధార తడి, పరిశ్రమ ఏ వరసలో ఉంటాయో ముందే రాసి ప్రకటించాలి. మూడోది, అమరావతి యంత్రం మీద సమయాన్ని అనంతపురం జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఉచితంగా కేటాయించాలి. సొంత జిల్లా నీటి లెక్కను ఈ పిల్లలే రెండు పద్ధతుల్లోనూ చేసి చూడనీయండి. క్వాంటం ఓడిపోయిందని వాళ్లు రాస్తే దాన్నీ అంతే గౌరవంగా అచ్చు వేయండి. నాలుగోది, కరువు నివారణకు, సాగునీటికి కేటాయించిన నిధుల్లోంచి ఒక్క రూపాయి కూడా క్వాంటం పద్దుకు మళ్లకూడదు. క్వాంటం పరిశోధనకు దాని డబ్బు దానికి ఉండాలి.

పాలకులకు ఇవి కఠినంగా తోస్తే, ఎక్కువ నీళ్లు ఉన్నవారే అంచనాల్లో ఉదారంగా ఉండగలరని గుర్తుచేస్తున్నాం. 550 మిల్లీమీటర్ల వానతో బతికేవారికి ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ తప్పు అంచనా అంటే ఒక తడి తప్పిన పైరు, ఒక వడ్డీ పెరిగిన అప్పు, బెంగళూరు బస్సెక్కిన ఒక కుటుంబం. ఈ జనం ముందుకు వచ్చే ఏ శాస్త్రమైనా తన లెక్కను చేత పట్టుకునే రావాలి.

పోరుమామిళ్లలో చెరువు కట్టించినవారు మంచి చెరువు లక్షణాలతో ఆగలేదు, చెరువు ఏ ఆరు కారణాల వల్ల చెడుతుందో కూడా తమ పేరున్న రాతి మీదే చెక్కించారు. తర్వాత వచ్చే ఎవరైనా ఆ శాసనం ముందు నిలబడి, కట్ట మీదికి నడిచి, ఆ దోషాల్లో ఏవి ఇక్కడున్నాయో తామే సరిచూసుకోవచ్చు. అమరావతి యంత్రం అనంతపురం పేరు పలకదలిస్తే అదీ అలాగే నిలబడాలి. తన బలంతోపాటు తన దోషాలనూ, తాను గెలిచిన లెక్కతోపాటు ఓడిన లెక్కనూ రైతు చదివే చోట పెట్టాలి. అది జరిగేదాకా కరువును ఆ యంత్రానికి కారణంగా చూపవద్దు.